పావు యూనిట్

ఆ రోజు ఉదయం మా పిల్లి షిజిమి చెవి అంచున సూది గుచ్చి, రక్తపు చుక్కను చక్కెర మీటరుకు అందించి, అంకె చూసి ఉలిక్కిపడ్డాను. యాభై రెండు! ముందు రోజు ఇదే వేళకు రెండు వందల తొంభై.

చిగుళ్లకు తేనె రాశాను. పిల్లి నాకింది. అరగంటకు కాళ్లు నిలదొక్కుకుంది. అప్పుడు పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

"రెండు వారాలు నూరుకు కాస్త అటూ ఇటూగా నిలపగలిగితే ఇన్సులిన్ సూదే మానేయొచ్చు మాస్టారూ," అంది డాక్టరమ్మ మినెగిషి. "కానీ ఇంకోసారి ఇలా పడిపోతే బతకడం కష్టం. పావు యూనిట్ అంటే పావే."

షిజిమి నా భార్య ఫుమియే తెచ్చుకున్న పిల్లి. ఆమె పోయి మూడేళ్లు. పిల్లికి చక్కెర జబ్బు వచ్చి నాలుగు నెలలు. రెండు యూనిట్ల నుంచి తగ్గుతూ తగ్గుతూ పావుకు వచ్చాం. సిరంజి మీద అన్నిటికన్నా చిన్న గీత అర యూనిట్‌ది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నేను ఆ పావును కంటి అంచనాతో లాగుతున్నాను!

సిరంజి పట్టుకుని వెనక సందులో త్సురుమకి గారి లేత్ షెడ్డుకు వెళ్లాను. లేత్ షెడ్లు నిండిన మా ఓతా వాడలో ఆయన చేతి కొలతకు తిరుగులేదు.

"పిల్లి మందుకా? తెండి, తెండి!" ఆయన కళ్లు మెరిశాయి. మొత్తం గీతల పొడవు కొలిచి, లెక్కగట్టి, "పావంటే మిల్లీమీటరులో మూడో వంతు. మా దగ్గర ఇది మోటు పని మాస్టారూ," అని నవ్వాడు. లోపలి కాడ ఎంత బయటికి రావాలో సన్నని కొలతలు తీసే కాలిపర్‌లో పెట్టి మర బిగించి ఇచ్చాడు. "ఇక దీన్ని కదపకండి."

మూడు రోజులు పూటకో కొత్త సిరంజిని అలాగే కొలిచి మందు వేశాను. మీటరులో నూట నాలుగు, రెండు వందల నలభై, అరవై ఒకటి!

మళ్లీ తేనె రాశాను. షిజిమి తేరుకున్నాక కొత్త సిరంజిలు అయిదు తీసి, కాడలు పూర్తిగా నొక్కి, ఒక్కొక్కటీ కొలిచాను. అయిదింటినీ గుప్పిట్లో పట్టుకున్నాను. అలాగే షెడ్డుకు పరిగెత్తాను.

"ఇంటి చెప్పులతో వీధిలోకొచ్చారేంటి మాస్టారూ! సిగ్గు లేదూ?"

"ఇవి కొలవండి ముందు."

కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ముఖం ఎర్రబడింది.

"అన్నీ ఒక్క పెట్టెలోవేనా? కాడలు తలో పొడవూ ఉన్నాయే! నా దగ్గర మొదటి ముక్క కొలిస్తే వెయ్యో ముక్క కొలవక్కర్లేదు. ఊరంతా నాలాగే చేస్తుందనుకున్నాను, వెర్రివాణ్ణి."

ఆయన నా వెంటే ఇంటికొచ్చి, షిజిమి ముందు మోకాళ్లూని తల వంచాడు. "క్షమించాలి, తప్పు నాది." అది ఆవులించింది.

ఆనాటి నుంచి పూటపూటా ఆయన రావలసిందే. ఏ సిరంజి అయినా కాడను పూర్తిగా నొక్కడం, అక్కడ కాలిపర్‌ను సున్నా చేయడం, తర్వాతే మందు లాగడం. నేను లాగుతుంటే ఆయన ఊపిరి బిగబట్టేవాడు. నూట పన్నెండు. తొంభై ఎనిమిది. నూట ఏడు. సూది దిగేటప్పుడు షిజిమి గడ్డం నా మణికట్టు మీద ఆనించేది. ఆ బరువు నాకెంతో హాయి.

పదిహేనో ఉదయం తొంభై నాలుగు.

"ఈ పూట వేయకండి," అంది డాక్టరమ్మ. "సాయంత్రం చూసి చెప్పండి."

త్సురుమకి గారు నాలుగింటికే లేత్ ఆపేసి వచ్చారు. సూది గుచ్చాను. మీటరు అయిదు నుంచి వెనక్కి లెక్కపెడుతోంది. మేమిద్దరం దానితోపాటు గట్టిగా లెక్కపెట్టాం.

నూట ఒకటి!

ఆయన వేసిన కేకకు షిజిమి అలమారా కిందికి దూరింది. నేను డాక్టరమ్మకు ఫోన్ కలిపాను. "రేపూ వేయకండి మాస్టారూ, చూస్తూ మాత్రం ఉండండి," అంటూ ఆవిడా నవ్వేస్తోంది.

"మా ఆవిడకు చెప్పొస్తాను!" అని త్సురుమకి గారు పరుగున వెళ్లిపోయారు. నేను ఫుమియే ఫోటో వైపు తిరిగి, "విన్నావా?" అన్నాను. తర్వాత గుమ్మం దగ్గర చూస్తే ఆయన బూట్లు అక్కడే ఉన్నాయి. నా ఇంటి చెప్పులు లేవు.