మొహం తీసేసిన అచ్చు

తాయారు కూలి అసిరమ్మ కూతురు. విశాఖపట్నంలో బొమ్మలు వెయ్యడం నేర్చుకుని వచ్చింది. రంగుల బొమ్మలూ వేస్తుంది గానీ, కోపం వస్తే మాత్రం ఉలి పట్టుకుని చెక్క మీద పడుతుంది. చెక్కిన చోట తెలుపు, వదిలిన చోట నలుపు. సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దితే అచ్చు దిగుతుంది.

ఈసారి చెక్కింది నీళ్ల కోసం దోసిలి పట్టిన సొంత అమ్మనే. నరసన్నపేట దగ్గర గణపతిరావు పొలంలో నాట్లేసే ఊరిబయటి పేట ఆడవాళ్లకి దాహమేస్తే, చెంబు ముట్టుకోకుండా ఆయన అరుగు కింద నిలబడి దోసిలి పట్టాలి. ఆయన పైనుంచి చెంబు ఎత్తి పోస్తాడు. సగం నీళ్లు దోసిట్లో, సగం చీర మీద. తన చేత్తో పోయడం పుణ్యమని ఆయన నమ్మకం. అసిరమ్మ పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పుణ్యంలో తడుస్తూనే ఉంది.

శ్రీకాకుళంలో బొమ్మల ప్రదర్శన. నడిపేది డ్రాయింగు మేష్టారు జగన్నాధం, ప్రారంభించేది గణపతిరావు. ముందురోజు ఆ అచ్చు చూడగానే మేష్టారు వెళ్లి హాలు తలుపు మూసి వచ్చాడు.

“ఇది బాబుగారి మొహమే కదే! అసలే కొండల్లో నక్సలైట్ల గొడవలు, రోడ్ల మీద పోలీసు జీపులు. ఆ మొహమైనా తీసెయ్, పటమైనా తీసెయ్.”

“పటం తీసేస్తే మా అమ్మ కూడా పోతాది మేష్టారూ.”

“అందుకే మొహం తీసెయ్యమంటున్నాను.”

తాయారుకి ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం గోడెక్కాల్సిందే అనుకుంది. ఆయన చూస్తుండగానే వెంట తెచ్చిన చెక్క మీద ఆ మొహాన్ని ఉలితో తవ్విపారేసి కొత్త అచ్చు తీసింది. అరుగూ, చెంబూ, ఉంగరం పెట్టుకున్న చెయ్యీ అలాగే ఉన్నాయి. తల ఉండాల్సిన చోట తెల్లటి బొక్క. మేష్టారు హమ్మయ్య అనుకుని తనే మేకు కొట్టి తగిలించాడు.

మర్నాడు గణపతిరావు దండ వేయించుకుని, ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి దాని ముందు ఆగిపోయాడు.

“ఇది మా అరుగే. ఉంగరమూ నాదే. కూలోళ్లకి సొయంగా నీళ్లు పోసే ఆసామి ఈ తాలూకాలో ఇంకెవడున్నాడు? మరి నా మొగమేదీ?”

హాల్లో జనమంతా ఇటు తిరిగారు. మేష్టారు మెల్లిగా జనం వెనక్కి తప్పుకున్నాడు.

తాయారు ముందుకొచ్చింది. “మీ మొగం ఉండకూడదన్నారు బాబూ. మీరు ఉండాలంటే పెడతాను. తవ్వేసిన సెక్క మీద మళ్లీ రాదు, కొత్తది సెక్కుతాను. ఎలా పోస్తారో అలా నిలబడండి.”

బల్ల మీదున్న మంచినీళ్ల చెంబు తీసి ఆయన ముందుకి చాపింది.

కూతురి బొమ్మ చూడ్డానికొచ్చి గుమ్మం దగ్గరున్న అసిరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడింది. దోసిలి పట్టలేదు. చేతులు నడుమ్మీద పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది.

“సెంబు ఎత్తండి బాబూ. ఎంత ఎత్తునించి పోస్తారో అందరూ సూడాల కదా.”

గణపతిరావు చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. చెంబు అందుకోకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.