మోగిన పళ్ళెం

మూడో ఇంటి రెండో మెట్టు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతూ పాండురంగ ఆగి చెవి రిక్కించాడు. లోయవైపు కంచె దగ్గర ఎండుగడ్డి కదిలిన చప్పుడు. మూడు నెలలుగా రోజూ ఈ వేళకు ఆ చప్పుడు కోసమే అతడి చెవి మేలుకొని ఉండేది. ఇవాళ మాత్రం అది వినబడకూడదని కోరుకున్నాడు. వినబడింది.

అతడు మళ్ళీ వంగి మూడో మెట్టుకు జరిగాడు. పరాయి దేశంలోని స్కార్‌బరో తూర్పు అంచున, లోయకు వీపు ఆనించి కూర్చున్నట్టుండే ఇళ్ళవి. మొత్తం నలభై రెండు. మంచు తీయడం, చెత్తబుట్టలు తోయడం, మాడిన బల్బులు మార్చడం అతడి పని. అందరూ అతడిని ‘సూపర్’ అంటారు, సూపరింటెండెంట్‌కు పొట్టిమాట. అరవై ఒకటో ఏడు. పొట్టి మనిషి. లోపలికి ముడుచుకున్న భుజాల మీద నారింజ రంగు చొక్కా. దూరం నుంచి చూసేవాళ్ళకు ఆ రంగే కనబడుతుంది, మనిషి కనబడడు. అందుకతడికి ఎన్నడూ బాధ లేదు. కాగజ్‌నగర్ కాగితపు మిల్లులో ఇరవై ఏళ్ళు దుంగలు చీల్చే యంత్రం పక్కన నిలబడ్డాడు. ఆ హోరులో అరిచినా ఎవరికీ వినబడదు గనుక చేతిసైగలతోనే బతికాడు. యంత్రాన్ని వదిలి వచ్చిన తరువాత కూడా అరిచే గొంతు తిరిగి రాలేదు.

ఆ లోటును భార్య సరోజన పూడ్చింది. వృద్ధాశ్రమంలో బట్టలు ఉతికే పనిచేసి అలసి వచ్చినా, టీ కాగానే కిటికీ తెరిచి "ఓయ్!" అని ఒక్క కేక వేసేది. వరుస ఇళ్ళన్నీ ఉలిక్కిపడేవి. "మన ఇద్దరి అరుపూ దేవుడు నాకే ఇచ్చిండు" అని నవ్వేది. నిరుడు కాక అంతకు ముందటేడు డిసెంబరులో ఆ కేక ఆగిపోయింది.

పోయిన డిసెంబరులో సంవత్సరీకం వచ్చింది. ఆమెకు ఇష్టమైన కోడికూర వండి, అన్నం కలిపి, ఆమె పెళ్ళినాటి స్టీలు పళ్ళెంలో పెట్టాడు. దాని అంచు కింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు చెక్కించి ఉంటుంది. ఆ పళ్ళెం తీసుకెళ్ళి చెత్తగది పక్కనున్న పొట్టి గోడ మీద ఉంచి, ఉపవాసంతో నిలబడ్డాడు. కాకి ముట్టాలి. ముట్టేదాకా తాను ముద్ద ఎత్తకూడదు. మేపుల్ కొమ్మల మీద నాలుగు కాకులు కూర్చున్నాయి. గంట గడిచింది. రెండో గంట కూడా గడిచింది. ఒక్కటీ దిగలేదు. చలికి కాళ్ళు మొద్దుబారాయి. ఏ కోరిక మిగిలిపోయిందో ఆమెకు, తానేం తక్కువ చేశాడో అని మనసు తవ్వుకుంటూ ఉండగా, కంచె సందులోంచి అది వచ్చింది.

ఊళ్ళో చూసిన నక్క కంటే పొడుగు, తోడేలు కంటే సన్నం. ఇక్కడివాళ్ళు కయోటీ అంటారు. బూడిదరంగు వీపు మీద మంచు రవ్వలు కరగకుండా నిలిచి ఉన్నాయి. ముందు కాలు పడ్డ గుంటలోనే వెనుక కాలు వేస్తూ, మంచు మీద ఒకే ఒక్క గీత గీసినట్టు నడిచింది. పళ్ళెం నాకి, తల ఎత్తి అతడిని చూసింది. తేనెరంగు కళ్ళు. ఆ చూపులో జాలి లేదు, భయం లేదు, అక్కర లేదు. తనను ఇంత పూర్తిగా ఎవరూ చూడలేదనిపించింది అతడికి. సూపర్ అనీ, మిల్లు కూలీ అనీ, భార్య పోయినవాడనీ దానికి తెలియదు. ఎదురుగా ఒక ప్రాణి ఉన్నదని మాత్రం దానికి తెలుసు. ఉండడం ఇంత పెద్ద సంగతా అని అతడు నివ్వెరపోయాడు. ఆ సాయంత్రం ఆకలిగా, తృప్తిగా అన్నం తిన్నాడు.

మరునాటి నుంచి రోజూ ఒక ముద్ద.

తిండి దొరికే చోటు జంతువు మరిచిపోదు. ఫిబ్రవరి వచ్చేసరికి పట్టపగలే గోడ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పోయిన వారం పిల్లల జారుడుబల్ల కింద పడుకుంది. మొన్న, ఈ వరుసలోనే ఉండే డాక్టరమ్మ తన చిన్న కుక్కను నడిపిస్తుంటే ఆమె వెనకాలే ఇంటిదాకా నడిచింది. నిన్న నగరం తరఫున ఒక ఉద్యోగిని వచ్చి లోయ అంతా చూసి, చివరికి గోడ మీది గ్రీజు మరకను గోటితో గీకి వాసన చూసింది. "ఎవరో అన్నం పెడుతున్నారు. మనుషులంటే దానికి బెరుకు పోయింది. ఎవరినైనా కరిచిన రోజున దాన్ని చంపక తప్పదు. అది బతకాలంటే మళ్ళీ భయం నేర్పాలి" అంది. ఆ మాటలనే ఇళ్ళ నిర్వహణ చూసే బోర్డువాళ్ళు నోటీసుగా అచ్చు వేయించారు. తిండి పెట్టవద్దు. చెత్తబుట్టలకు గొళ్ళెం వేయండి. కుక్కలను తాడుతోనే తిప్పండి. ఎదురైతే పరుగెత్తకండి, వీపు చూపకండి, చేతులెత్తి పెద్దగా అరవండి. నలభై రెండు తలుపులకూ ఆ కాగితాన్ని టేపుతో అంటించినవాడు పాండురంగే.

చివరి ఇంటి మెట్లకు ఉప్పు చల్లేసరికి తూర్పున లేత వెలుగు వచ్చింది. గోడ దగ్గర అది కూర్చుని ఉంది. ఇవాళ పళ్ళెం లేదు. అయినా అలవాటైన చేతులు ముద్ద కలిపేశాయి. డబ్బా కోటు జేబులోనే వెచ్చగా ఉంది. అరవాలి. నోరు తెరిచాడు. ఊపిరి తెల్లని ఆవిరై బయటికి వచ్చింది తప్ప శబ్దం రాలేదు. అది తల పక్కకు వంచి, ఓపికగా, నమ్మకంగా చూసింది. అతడే తల తిప్పుకుని చెత్తగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి తలుపు సందులోంచి చూస్తే, మంచు మీద తిరిగి వెళ్ళిన గీత ఒకటి కనబడింది.

పదకొండు గంటలప్పుడు డాక్టరమ్మ చాముండేశ్వరి గారు కిట్టును చంకలో పెట్టుకుని వచ్చింది. గుంటూరు మనిషి. హామిల్టన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైంది. కిట్టు ఆమె కుక్క. ఉన్ని కోటు వేసుకుని పత్తి ఉండలా ఉంటుంది.

"దానికి తిండి పెట్టేది పదిహేడో నంబరు ఇంటి కుర్రాళ్ళేనండీ" అంది వస్తూనే. "పిజ్జా పెట్టెలు ఎక్కడబడితే అక్కడ పడేసేది వాళ్ళే. బోర్డుకి మెయిల్ పెట్టేశా. లీజు రద్దు చేయమని రాశా. రేపు మీటింగ్‌లో తేలిపోతుంది. మా కిట్టుగాడు మూడున్నర కిలోలండీ! దానికి ఒక్క పూట ఫలహారం."

పాండురంగ బుట్ట గొళ్ళెం బిగిస్తున్నవాడల్లా ఆగాడు. ఆ పిల్లలు చదువుకుంటూ సాయంత్రాలు గోదాముల్లో పనిచేస్తారు. కనబడితే "నమస్తే అంకుల్" అంటారు.

"వాళ్ళు కాదు డాక్టరమ్మా."

"మరెవరు?"

"నేనే పెట్టిన."

ఆమె కళ్ళజోడు సవరించుకుంది. "మూడేళ్ళుగా చూస్తున్నా, మీ నోట ఇంత పొడుగు మాట వినడం ఇదే. అదీ ఇలాంటి మాటా!"

"సంవత్సరీకం నాడు కాకి రాలే. అది వచ్చి తిన్నది." అతడు గొళ్ళెం వైపే చూస్తున్నాడు. "సరోజన తిన్నదనుకున్న."

కిట్టు మొరిగింది. ఆమె దాని మూతి మీద వేలు పెట్టి ఊరుకోబెట్టింది. తరువాత గొంతు తగ్గించింది.

"నొప్పి తెలియకుండా చేయడమే నా వృత్తి, పాండురంగ గారూ. అయినా ఆపరేషన్ అయ్యాక కొందరు హాయిగా నిద్రపోతూ ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. అప్పుడు బుగ్గ మీద కొట్టి, పేరు పెట్టి అరిచి లేపాలి. కళ్ళు తెరిచి తిట్టేవాళ్ళు. తిట్టారంటే బతికారన్నమాట. ఆ కయోటీ మీ చేతి తిండి తిన్నది కదా? భయం కూడా మీ చేతి మీదుగానే అందాలి."

"గొంతు రాదమ్మా. పొద్దున చూసిన."

"గొంతు రాకపోతే ఏదో ఒకటి మోగించండి" అని ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ మెయిల్ ఇప్పుడే వెనక్కి తీసుకుంటా. మీ పేరు మాత్రం మీరే చెప్పుకోండి."

"చెప్త."

మధ్యాహ్నం అట్టపెట్టెలు మడిచి కట్టాడు. పంతొమ్మిదో ఇంటి ముందు బల్బు మార్చాడు. పొద్దుటి ముద్దను గొళ్ళెం ఉన్న బుట్టలో వేశాడు. ఇంటికి వెళ్ళి పళ్ళెమూ ఇనుప గరిటే తెచ్చుకున్నాడు. ఖాళీ పళ్ళెం మోగిస్తే ఇంట్లో అన్నం నిలవదని చిన్నప్పుడు తల్లి చేతి మీద కొట్టేది. ఇన్నేళ్ళలో ఏ పళ్ళెం మీదా అతడు గరిటె మోపలేదు.

ఆరు కావస్తుండగా చాముండేశ్వరి గారి మనవరాలు ఇషిత కిట్టును తాడు పట్టి తిప్పుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇళ్ళ వెనక కాలిబాట మీద నీడలు పొడుగవుతున్నాయి. కంచె సందులోంచి అది వచ్చింది. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న గోడను ఒకసారి వాసన చూసి, బాట మీదికి దిగి, కుక్కకు ఆరేడు బారల దూరంలో నిలబడింది.

పిల్ల పరుగెత్తలేదు. కిట్టును ఎత్తి కోటులో దాచుకుంది. ముఖం దానివైపే ఉంచి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. "అంకుల్" అంది, ఏడుపు ఆపుకుంటూ. "అంకుల్, ప్లీజ్."

చెత్తగది దగ్గర పళ్ళెంతో కాచుకుని ఉన్న పాండురంగ వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. కయోటీ అతడిని గుర్తుపట్టింది. చెవులు మెత్తబడ్డాయి. పళ్ళెం చూసి ఒక అడుగు ముందుకు వేసింది. అతడు పళ్ళెం తలమీదికి ఎత్తాడు. ముడుచుకున్న భుజాలు విచ్చుకున్నాయి. గరిటె పడింది. లోయ అవతలి గట్టు దాకా స్టీలు మోత వెళ్ళి తిరిగి వచ్చింది. ఆ మోత వెనకాలే, అరవై ఏళ్ళ అడుగు నుంచి, తనకే కొత్తగా ఒక కేక లేచింది.

"ఓయ్!"

అది ఎగిరి పక్కకు దూకింది. పారిపోలేదు. పది బారల అవతల ఆగి వెనక్కి చూసింది. అదే చూపు, అదే తేనెరంగు. ఆ చూపు ముందు నిలబడడం అతడికి అన్నిటికంటే కష్టమైంది. మొదటి కేక భయంతో దానంతటదే వచ్చింది, రెండోది తాను వేయవలసిందే. దానికి వెళ్ళడమే మేలని తెలిసి, తనకు అది మిగలదని కూడా తెలిసి, గుండె నిండా గాలి పీల్చాడు.

"ఓయ్! పో! ఇగ రాకు!"

పళ్ళెం అంచు సొట్టపడేదాకా మోగించాడు. బూడిదరంగు వీపు కంచె సందును దాటింది, ఎండుగడ్డిలో ఒక అల లేచి అణిగింది, తరువాత లోయ లోయలాగే ఉంది. కొమ్మల మీది కాకులు ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఆకాశం అంత ఎత్తుగా ఉంటుందని అతడు ఇంతకుముందు గమనించలేదు. భయం నేర్చుకున్న ఆ ప్రాణి ఎక్కడో చీకట్లో ఒకే గీతగా నడిచిపోతూ ఉంటుంది, తన మూలాన, తనకు దూరంగా. చేతులు దించడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

చాముండేశ్వరి గారు చెప్పులతోనే మంచులోకి పరుగెత్తుకు వచ్చి మనవరాలిని పొదువుకుంది. తరువాత అతడివైపు వింతగా చూసింది.

"కూర కలుపుతున్నానండీ. మీ కేకకు గరిటె జారిపోయింది" అంది. "సరోజనే పిలిచిందనుకున్నా."

అతడు లోయలోకి దిగే గేటు స్తంభానికి ఒక మేకు కొట్టి, తీగ చుట్టి, పళ్ళెమూ గరిటే వేలాడదీశాడు. ఆ దారిన కుక్కతో నడిచే ఎవరికైనా అవసరపడవచ్చు. తరువాత ఉప్పు బకెట్ తీసుకుని, బోర్డువాళ్ళకు ఏం చెప్పాలో పెదవులు కదుపుతూ, చెత్తగది వైపు వెళ్ళిపోయాడు. ఇషిత చేయి చాచి, చుక్కల మీద వేలు పెట్టి తడిమి చూసి, అమ్మమ్మ వెంట ఇంట్లోకి వెళ్ళింది.

గాలి వచ్చినప్పుడల్లా పళ్ళెం స్తంభానికి తగిలి సన్నగా మోగుతోంది. సొట్టపడిన అంచు కింద, చుక్కలు చుక్కలుగా, సరోజన పేరు.