చీటీల బాబాయ్

పదిహేడో చీటీ రాస్తుండగా ఎడమ భుజం మళ్ళీ లాగింది. బాబాయ్ కలం ఆపి, కిటికీలోంచి పడుతున్న ఎండ వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడు వారాలుగా ఇదే వరస. ఊరందరి నొప్పులూ రాస్తారు, మీ నొప్పి మాత్రం నాకు చెబుతారు, నేనేమైనా డాక్టర్నా అని పొద్దున్నే భార్య దెబ్బలాడింది. ఇవాళ తప్పకుండా డాక్టరమ్మ చెవిన వేస్తానని ఆవిడకి మాటిచ్చి వచ్చాడు.

బాబాయ్ పనిచేసే ఆసుపత్రంతా కలిపి రెండు గదులు, మధ్యలో వెలిసిపోయిన ఆకుపచ్చ పరదా. వచ్చినవాళ్ళ పేరు, వయసు, బాధ చీటీ మీద రాసి లోపలికి పంపడం ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని. అందులో ఆయనకో పద్ధతుంది. జ్వరాలు, దెబ్బలు ముందు. చెప్పడానికి నసిగేవాళ్ళు చివర. వెనకెవరూ లేరని తెలిస్తే గానీ వాళ్ళకి మాట పెగలదంటాడు. ముందొచ్చింది మేమని ఎవరైనా దెబ్బలాడితే నవ్వి ఊరుకుంటాడు. మొండిఘటం.

కొత్తలో డాక్టరమ్మకి ముక్కు మీదే ఉండేది కోపం. మనిషి కూర్చునేలోపే మందు రాసి, తర్వాతివాళ్ళ కోసం గంట కొట్టేసేది. ఒకరోజు బాబాయ్ పరదా పక్కన నిలబడి, “ఇప్పుడెళ్ళినావిడ లేచాక ఏదో అనబోయిందమ్మా. మీరు గంట కొట్టేశారు,” అన్నాడు. డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. ఆ గంట మళ్ళీ మోగలేదు.

మధ్యాహ్నానికి బెంచీలు ఖాళీ అయ్యాయి. ఫ్యాను మత్తుగా తిరుగుతోంది. వెళ్ళిపోయినవాళ్ళ దగ్గులు, పిల్లల ఏడుపులు ఇంకా ఎక్కడో నీళ్ళ అడుగున వినిపిస్తున్నట్టే ఉంది. ఎండలో దుమ్ము తేలుతుంటే గది కూడా మెల్లగా ఎటో తేలిపోతున్నట్టనిపించింది. ఇక తనే మిగిలాడు. లేవబోతుండగా ఊళ్ళో దర్జీ వచ్చాడు.

మనిషి సగమయ్యాడు. ఏంటని అడిగితే, ఏం లేదు, సూదిలో దారం ఎక్కడం లేదన్నాడు. బాబాయ్ అతని వేళ్ళ వంక చూశాడు. అవి చొక్కా గుండీని తిప్పుతూనే ఉన్నాయి.

“లోపలికెళ్ళు. వెనకెవరూ లేరులే,” అన్నాడు.

పరదా వెనక దర్జీ కుట్టుమిషను గురించి చెప్పాడు, దాని బెల్టు గురించి చెప్పాడు. డాక్టరమ్మ ఊఁ కొడుతూనే ఉంది. తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు. బాబాయ్‌కి ఆ నిశ్శబ్దమంటే ఎంతో ఇష్టం. బల్ల మీద తల ఆనించి విన్నాడు.

“బతకాలని లేదమ్మా,” అన్నాడు దర్జీ చివరికి.

కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. “చెప్పండి. వింటాను,” అంది డాక్టరమ్మ.

హమ్మయ్య అనుకున్నాడు బాబాయ్. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. భుజం ఎక్కడో దూరంగా ఉంది, వేరెవరిదో అన్నట్టు.

చాలాసేపటికి దర్జీ, డాక్టరమ్మ ఫోన్ చేసి పిలిపించిన తన తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికొచ్చాడు. బాబాయ్ నిద్రపోతున్నాడని ఇద్దరూ చప్పుడు కాకుండా వెళ్ళారు. డాక్టరమ్మ కూడా లేపలేదు. పాపం అలిసిపోయాడని, లేచేదాకా ఎదురు బెంచీ మీద ఓపిగ్గా కూర్చుంది. ఎండ గోడెక్కింది. ఎంతసేపటికీ ఆయన కదలకపోయేసరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

ఆవిడ అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత ఆ అరచెయ్యి మెల్లగా ఎత్తింది. కింద ఒక చీటీ ఉంది. పేరు, వయసు ఆయనవే, బాధ అన్నచోట గుండ్రటి అక్షరాలతో ‘ఎడమ భుజం నొప్పి, తొందరేం లేదు’ అని రాసి ఉంది.