గుమ్మం మీది ఏడో వచనం

నేను ఒక నల్లరాతి పలకను. చీమకుర్తి కొండలో పుట్టాను. రంపం కోసినప్పుడు నొప్పి తెలియలేదు. రాయికి తెలిసేవి తక్కువ. పాస్టరు ఆశీర్వాదం గారు రాసిచ్చిన మాటల్ని ఒంగోలులో నా మీద చెక్కి, బంగారు రంగు పూశారు. మొదట కొంచెమే ఉన్నా చివరికి ఎంతో వృద్ధిలోకి వస్తావని వాటి అర్థం. కింద చిన్న అక్షరాల్లో: యోబు గ్రంథం, ఎనిమిదో అధ్యాయం, ఏడో వచనం. ఇవే మాటలతో నా తోబుట్టువు ఒకటి కోళ్ళ ఫారానికి వెళ్ళింది.

జక్కరయ్య, సలోమి దంపతుల కొత్త ఇంటి గుమ్మం పైకి నేను చేరాను. వచ్చినవాళ్ళందరూ నన్ను చదివి తలాడించారు. ఈ మాట ఎవరన్నారో, ఎవరితో అన్నారో ఒక్కరూ అడగలేదు.

మరుసటి వానాకాలం వాళ్ళ ఆరేళ్ళ కూతురు ప్రిస్కిల్ల డెంగీ జ్వరంతో పోయింది. నా కిందనుంచే తీసుకెళ్ళారు. సలోమి ఏడవలేదు. పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్నా చూస్తూ నిలబడేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది.

పాస్టరు గారు పరామర్శకు వచ్చారు. మంచి మనిషే. కాకపోతే, ఏదో ఒకటి చెప్పకపోతే ఓదార్పు కాదనుకునే మనిషి.

"దేవుడు ఊరికే తీసుకెళ్ళడమ్మా. ఎక్కడో ఏదో పొరపాటు జరిగుంటది. ఒప్పుకోండి. గుమ్మం మీద వాగ్దానం ఉండనే ఉందిగా, చివరికి వృద్ధే," అన్నారు.

ఆయన వెళ్ళాక సలోమి నా వైపు చాలాసేపు చూసింది. బైబిలు తెచ్చుకుని మెట్టు మీద కూర్చుని ఆ అధ్యాయం తీసింది. తర్వాత వెనక్కి తిప్పి, యోబు కథంతా మొదటినుంచీ చివరిదాకా చదివింది.

పాప జ్ఞాపకార్థం ఇంట్లో పెట్టిన ప్రార్థన కూడిక రోజున సలోమి పాస్టరు గారితో, "అయ్యగారూ, గుమ్మం మీది మాట ఉన్న అధ్యాయం పైనుంచి చదవండి," అంది.

ఆయన గంభీరంగా మొదలుపెట్టారు. నాలుగో వచనం దగ్గర ఆగిపోయారు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుతో అతని స్నేహితుడు బిల్దదు, నీ పిల్లలు పాపం చేశారు గనకే పోయారంటున్నాడు అక్కడ. నా మీదున్నదీ ఆ బిల్దదు మాటే.

"చదవండయ్యగారూ."

"నేనెప్పుడూ ఏడో వచనమే చూశానమ్మా," అన్నారాయన మెల్లగా.

"ఇట్టా మాట్లాడినోళ్ళ మీద దేవుడికి కోపమొచ్చిందని చివర్లో రాసుంది. నా బిడ్డ ఏం తప్పు చేసిందయ్యగారూ?" సలోమి గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

ఆయన ఏదో చెప్పబోయారు.

"వద్దండీ. ఆ స్నేహితులు వచ్చిన కొత్తలో ఏడు రోజులు యోబు పక్కన నేల మీద కూర్చున్నారంట, ఒక్క మాటా మాట్లాడకుండా. అదొక్కటే బాగా చేశారు. మీరూ కూర్చోండి."

పాస్టరు గారు కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నారు.

జక్కరయ్య నన్ను ఊడదీసి, అక్షరాలు కిందికి వచ్చేలా కుళాయి దగ్గర వేశాడు. ఇప్పుడు నా వీపు మీద బట్టలు ఉతుకుతారు. సబ్బునీళ్ళు పోతుంటాయి. బాగానే ఉంది, బాగోలేదనీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు వచ్చి మెట్టు మీద కూర్చుంటారు. సలోమి టీ ఇస్తుంది. ఆయన ఏమీ అనరు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు ఉంటారు. మొన్న సలోమి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చాలాసేపటికి, "ప్రిస్కిల్లకి టీలో బిస్కెట్టు ముంచుకోవడం ఇష్టమండీ," అంది.