ఆడపిల్లకి మెత్తని శాడిల్

ఏ వస్తువైనా నాలుగు రోజులు వాడి చూసి, నచ్చితే ఉంచుకోవడం, నచ్చకపోతే వచ్చిన పెట్టెలోనే పెట్టి తిప్పి పంపేయడం జూడ్ బాబాయ్ పద్ధతి. కుక్కర్లు, బూట్లు, ఒకసారి సోఫా కూడా అలా వచ్చి అలాగే వెళ్ళిపోయాయి. ఆ సెప్టెంబరులో హెర్న్‌డన్‌లోని వాళ్ళింటికి రెండు ట్రీ శాడిళ్ళు వచ్చాయి.

విల్లు పట్టి జింకల కోసం చెట్టు మీద గంటల తరబడి కాచుకునేవాళ్ళు వాడే పట్టీ అది. వెడల్పాటి పట్టీ పిరుదుల కింద నుంచి చుట్టుకుంటుంది. దాని ముందున్న తాడు చెట్టుకి బిగిస్తారు. పాదాలు ఆనడానికి చిన్న పలక ఉంటుంది. వెనక్కి వాలితే చెట్టు మనల్ని చంకనెత్తుకున్నట్టు ఉంటుంది. వచ్చిన రెండింట్లో ఆకుపచ్చది పల్చన, ఒంటి పట్టీ. గోధుమరంగుది రెండు పట్టీలది, లోపల దిండులాంటి మెత్త. వాటిలో ఒకటి ఉంచుకోవాలి, దాన్ని బాబాయ్ కొడుకు ఎవాన్, అన్నగారి కూతురు జెమీమా వంతులవారీగా వాడుకోవాలి.

జెమీమాకి పదహారేళ్ళు. కిందటేడు అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చేదాకా నిడదవోలు దగ్గర పల్లెలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివింది. ఇప్పుడు బాబాయ్ వాళ్ళ పక్క వీధిలోనే ఇల్లు. ఈ దేశంలో ఎక్కడికి వెళ్ళినా మాట్లాడమంటారు. క్లాసులో మాట్లాడమంటారు, చర్చిలో యూత్ మీటింగులో సాక్ష్యం చెప్పమంటారు, కేకు దుకాణంలో కూడా ఏం కావాలో గట్టిగా చెప్పమంటారు. చెట్టు మీద మాత్రం నోరు మూసుకుని కదలకుండా ఉన్నవాళ్ళే గట్టివాళ్ళు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి జెమీమాకి వేట మీదే ప్రాణం. ఆన్‌లైన్‌లో వేట లైసెన్సు పరీక్ష పాసైంది. వేసవంతా గడ్డిబస్తా మీద బాణాలు వేసి వేళ్ళు కాయలు కాయించుకుంది.

శనివారం పెరట్లో మేపుల్ చెట్టుకి శాడిల్ కట్టారు. బాబాయ్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ వేటగాళ్ళ గ్రూపులో ఏది సుఖమో రాసి పెడతానని మాటిచ్చాడట. మామ్మ దేవకుమారి శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. ఆర్నెల్లుండి పోవడానికి వచ్చిన మనిషి, అయినా ఆ ఇంట్లో ఆవిడ చూడకుండా ఏదీ జరగదు.

"మన కల్లుగీతవాళ్ళ మోకులా ఉందిరా ఇది," అంది.

"మోకుకి ఇంత మెత్త ఉంటుందా అమ్మా?" అన్నాడు బాబాయ్.

ముందు ఎవాన్ ఎక్కాడు. పదిహేనేళ్ళకే తండ్రి ఎత్తు, తండ్రిని మించిన లావు.

"ఎక్కడ నొక్కుతోంది? తొడ దగ్గరా? నడుం దగ్గరా?" బాబాయ్ అడిగాడు.

"డాడ్, ఇక్కడ టైట్ ఉంది. అండ్ ఈ బకిల్ నాకు పోక్ చేస్తుంది. అండ్ ఐ యామ్ హంగ్రీ."

బాబాయ్ అన్నీ రాసుకున్నాడు, ఆకలి తప్ప. తాడు పొడవు మార్చాడు, బకిల్ పక్కకి జరిపాడు, మళ్ళీ అడిగాడు. ఆకుపచ్చదాంట్లో ఎవాన్ కాసేపైనా నిలవలేదు. గోధుమరంగుదాంట్లో కాళ్ళు ఊపుకుంటూ పాట పాడాడు.

తర్వాత జెమీమా ఎక్కింది.

"బాగుంది కదమ్మా?" అన్నాడు బాబాయ్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"బాగుంది బాబాయ్."

రెండోది మార్చాడు. "ఇదీ బాగుంది కదా?"

"బాగుంది."

"చూశావురా ఎవాన్, పిల్లంటే అలా ఉండాలి. ఒక్క కంప్లైంట్ లేదు."

ఊళ్ళో లెక్కల మాస్టారు బోర్డంతా నింపి "అర్థమైంది కదా?" అనేవారు. క్లాసంతా ఒక్క గొంతుతో "అయ్యింది సార్" అనేది. కానివాడు కూడా అనేవాడు. కాలేదని లేచి నిలబడితే ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు గానీ, చూడాలని ఎవరికీ లేదు. జెమీమా నోటికి ఆ జవాబు అప్పుడే అలవాటైంది. ప్రశ్నలోనే జవాబు పెట్టి ఇస్తే తిప్పి ఇచ్చేయడమే మర్యాద అనుకునేది.

కానీ ఒంటికి మర్యాద తెలియదు. సోమవారం నుంచి స్కూలు కాగానే వచ్చి, ఒకరోజు ఒకటి, ఒకరోజు ఇంకొకటి కట్టుకుని పుస్తకం పట్టుకుని వేలాడింది. మెత్తగా ఉన్నది మెల్లగా లోపలికి ముడుచుకుపోయి తుంటి ఎముకల్ని రెండు పక్కలా పట్టకారులా నొక్కేది. కాసేపటికి పాదాలు తనవి కానట్టు అయిపోయేవి. పల్చనిదాంట్లో కూర్చున్న రోజు మామ్మ వచ్చి "చీకటి పడుతోంది, దిగవే పిల్లా" అనేదాకా తాను చెట్టుకి వేలాడుతున్న సంగతే మర్చిపోయింది.

ఆ మాట బాబాయ్‌కి చెప్పాలనుకుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేవాడు, "జెమీ, అంతా బాగుంది కదా?" అంటూ మెట్లెక్కి వెళ్ళిపోయేవాడు.

"గోధుమరంగుది ఉంచుదాం," అన్నాడు ఆ వారం చివర భోజనాల దగ్గర. "ఎవాన్‌కి కుదిరింది. జెమీ ఎలాగూ ఆడపిల్ల, మెత్తగా ఉంటేనే మంచిది."

అక్టోబరు మొదటి శనివారం లీస్‌బర్గ్ దాటాక ఒక స్నేహితుడి పొలం వెనకున్న అడవికి వెళ్ళారు. ఎవాన్‌కి ఆవేళ ఏదో మ్యాచ్ ఉంది కాబట్టి వంతు జెమీమాది. బాబాయ్ పక్క చెట్టు మీద, ఆమె ఓక్ చెట్టు మీద. ఎండ వాలేసరికి తుంటి నొప్పి మొదలైంది. బరువు ఎడమవైపు వేసింది, కుడివైపు వేసింది. మోకాళ్ళ కింద ఏమీ తెలియడం లేదు. అప్పుడు వచ్చింది ఆడజింక. పొదల్లోంచి తల బయట పెట్టి, ఓ అడుగు వేసి, ఆగి, మళ్ళీ వేసి, సరిగ్గా బాణం అందే చోటికి వచ్చింది. జెమీమా తిరగబోయింది. పాదం పలక అంచున ఉందో లేదో తెలియలేదు. జారింది. తాడు పట్టుకుని ఆగింది గానీ ఇనప బకిల్ చెట్టుకి కొట్టుకుని టంగుమంది. జింక తెల్లతోక ఎత్తి ఒక్క దూకు దూకింది.

కారులో బాబాయ్ కోప్పడలేదు, నవ్వాడు. కోప్పడినా బాగుండేది.

"ఆడపిల్లలకి చెట్టు మీద కుదురెక్కడిదమ్మా. ఫర్లేదులే, వచ్చే ఏడు చూద్దాం."

జెమీమా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటిదగ్గర, స్కూల్లో, చర్చిలో, "ఈ పిల్లంత కుదురైన పిల్లని చూడలేదు" అనే పేరు ఒక్కటే ఆమె ఆస్తి. నొప్పిని నోరెత్తకుండా ఓర్చుకుంది. ఇప్పుడు ఆ ఓర్పుకే కుదురులేనితనమని పేరు పెట్టారు.

మర్నాడు ఆరాధన అయ్యాక అందరూ బాబాయ్ ఇంట్లో భోంచేశారు. గుమ్మం దగ్గర ఆకుపచ్చ శాడిల్ పెట్టె టేపు వేసి సిద్ధంగా ఉంది. బాబాయ్ సోఫాలో వాలి, గ్రూపులో పెట్టబోయేది తెలుగు చేసి మామ్మకి వినిపిస్తున్నాడు.

"పల్చనిది మగవాళ్ళకి నొక్కుతుంది. మెత్తనిది అందరికీ సుఖం. మా అన్నయ్య కూతురు కూడా వాడింది, ఏ ఇబ్బందీ లేదంది. కాకపోతే ఆడపిల్లలు ఎందులోనైనా ఎక్కువసేపు కదలకుండా కూర్చోలేరు."

"అది అబద్ధం," అంది జెమీమా.

గొంతు పెద్దది కాదు. అయినా ఎవాన్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏంటమ్మా?"

"నొక్కింది బాబాయ్. ఇక్కడ, ఇక్కడ." రెండు చేతులూ తుంటి మీద పెట్టి చూపించింది. "కాళ్ళు చచ్చుబడ్డాయి. అందుకే జారాను. కుదురు లేక కాదు. ఆ పల్చనిదాంట్లో చీకటి పడేదాకా కూర్చున్నాను, మామ్మని అడగండి."

"కూర్చుందిరా. నేనే దింపాను," అంది మామ్మ.

బాబాయ్ ముఖం చిన్నబోయింది. "మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగాను కూడా. రెండుసార్లు అడిగాను, బాగుందన్నావు."

"మీరు అడగలేదు." జెమీమా చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఎవాన్‌ని ఎక్కడ నొక్కుతోందని అడిగారు. వాడు చెప్పినవన్నీ రాసుకున్నారు. నన్ను బాగుంది కదా అన్నారు. బాగుంది కదా అంటే, బాగాలేదని ఎలా చెప్తాను? మీరే జవాబు చెప్పేసి, నాతో తల ఊపించుకుని, అది నేను చెప్పినట్టు రాశారు. ఇప్పుడు నాలాంటి అమ్మాయి ఎవరో అది చదివి ఆ మెత్తనిదే కట్టుకుంటుంది. ఆమె జారితే ఆమెకీ కుదురు లేదంటారు."

అన్ని మాటలు ఒక్కసారిగా జెమీమా ఈ దేశంలోనే కాదు, ఆ దేశంలో కూడా మాట్లాడలేదు.

"డాడ్, షీ ఈజ్ రైట్," అన్నాడు ఎవాన్. "నువ్వు మమ్మీని కూడా అలానే అడుగుతావు. కర్రీ బాగుంది కదా అని. కర్రీ చేసింది నువ్వు."

మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయ్ నవ్వలేదు. "సరే, పెద్దవాళ్ళతో అలా..." అని మొదలుపెట్టాడు, పూర్తి చేయలేదు.

జెమీమా ఆ మాట పూర్తవుతుందేమోనని ఆగలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి తాళంచెవితో టేపు చీల్చింది. ఆకుపచ్చ శాడిల్ తీసుకుని, చర్చికి వేసుకున్న చుడీదార్ మీదే బిగించుకుని, పెరట్లో మేపుల్ చెట్టుకి తాడు వేసి వెనక్కి వాలింది. అక్కడికి వెళ్ళినా కోపం తగ్గలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. బాబాయ్ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఎండుటాకుల మీద నడిచొచ్చాడు. చేతిలో ఫోను ఉంది. చెట్టు చుట్టూ ఓసారి చూశాడు.

"అది తీసేశానమ్మా, ఆడపిల్లల గురించి రాసింది." ఫోను చూపించాడు. "ఇది ఉంచేద్దాంలే. నీకు బాగుంది కదా?"

జెమీమా ఆయన ముఖంలోకి చూస్తూ అలాగే వేలాడింది. కొమ్మ మీదనుంచి ఒక ఆకు రాలి ఆయన భుజం మీద పడింది.

బాబాయ్ ఆకు దులుపుకున్నాడు.

"ఎలా ఉంది?"

"ఎడమవైపు పట్టీ అర అంగుళం వదులు చేయాలి," అంది జెమీమా. "రాసుకోండి."