అత్తయ్య కుడిచెయ్యి

బఠాణీలు ఒలవమని అత్తయ్య ముందు గిన్నె పెట్టాను. పక్షవాతంతో పడిపోయిన కుడిచేతికి నేను చేయించే వైద్యం ఇది. కాయ నొక్కాలి, గింజ రాలాలి, వేళ్ళకి బలం రావాలి. కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోగులకి రోజువారీ పనులు మళ్ళీ నేర్పే వైద్యం, పాఠంగా చెబుతాను కదా, ఇంట్లో ఇదంతా నా నెత్తినే పడింది. "నువ్వుండగా అమ్మకి ఇంకొకరెందుకు?" అని మా ఆయన మొదట్లోనే తేల్చేశాడు. ఆవిడ వేళ్ళు కాయని పట్టినట్టే పట్టి వదిలేశాయి. నాకు చిరాకేసింది. అన్నం ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదు.

పొద్దున ప్రిన్సిపాల్ పిలిచాడు. నేను చెప్పే ఆక్యుపేషనల్ సైన్స్ పేపరు తీసేసి, ఆ గంటలు పడిపోయిన చేతులకి ఆసరాగా కట్టే స్ప్లింట్ల తయారీకి ఇస్తాడట. "పడిపోయిన చెయ్యి కదిలించడం నేర్పితే చాలమ్మా. మనిషి పనులెందుకు చేస్తాడో చెప్పడానికి ఒక పేపరా? వండడం, ఉతకడం మీ ఆడవాళ్ళకి పుట్టుకతోనే వస్తాయి కదా." గదిలో ఉన్న లెక్చరర్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రేపు మీటింగులో నేను సరేనంటే గొడవుండదట. ఒకరికి ప్రాణం పోసే పని ఇంకొకరి ప్రాణం ఎందుకు తోడేస్తుందో తెలియనివాళ్ళని రోగుల మీదకి పంపమంటున్నాడు. మా ఆయనతో చెబితే ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మంచిదేగా, తొందరగా ఇంటికి రావచ్చు. అమ్మ చెయ్యి కూడా వచ్చేస్తే వంటింట్లో నీకు సగం భారం తగ్గుతుంది" అన్నాడు. ఆ సగాలు ఎప్పుడూ మా అత్తాకోడళ్ళకే, ఆయన దాకా రావు.

అన్నం వార్చి గదిలోకి వెళ్ళేసరికి అత్తయ్య అద్దం ముందు జడ వేసుకుంటోంది. కుడిచేతి వేళ్ళు పాయల మధ్య చకచకా తిరుగుతున్నాయి. నన్ను చూసి ఆ చేతిని ఒళ్ళో పడేసుకుంది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

"వాడికి చెప్పకు. చెయ్యొచ్చిందంటే మళ్ళీ అందులో గరిటె పెడతారు. పెళ్ళయినప్పట్నుంచీ నేను కూర్చుని తిన్నది ఈ రోగమొచ్చాకే."

రోగిని ముందు ఏం చేయాలనుందో అడగండని నా విద్యార్థులకి గొంతు చించుకుని చెబుతాను. ఆవిడని మాత్రం అడగలేదు. ఆడది కాబట్టి వంటింటికే వెళ్ళాలనుకుంటుందని గిన్నె ముందు పెట్టాను. ప్రిన్సిపాల్‌కి నేనేం తీసిపోను.

"మీకేం చేయాలనుంది అత్తయ్యా?"

ఒళ్ళోని చేతిని తిప్పి చూసుకుంది. "తెలీదే. ఎవరైనా అడిగితే కదా తెలిసేది."

మర్నాడు మీటింగులో నేను సరేననలేదు. అయినా పేపరు తీసేశారు. వద్దని లేచిన చెయ్యి నాదొక్కటే. కాలేజీ అయ్యాక ఏదైనా ఖాళీ గదిలో ఆ పాఠం చెప్పుకుంటానని అడిగాను.

"దానికి జీతం రాదమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్.

"అలవాటే సార్."

ఎంతమంది వస్తారో తెలియదు. అసలెవరూ రాకపోవచ్చు. బస్సులో అదే ఆలోచిస్తూ దిగులుగా ఇల్లు చేరాను.

"అమ్మ చెయ్యి ఎప్పటికొస్తుంది?" అన్నాడు మా ఆయన, టీ కోసం చూస్తూ.

"రాదు," అన్నాను. "రేపట్నుంచి సాయంత్రాలు నేనూ రాను. లేవండి, పొయ్యి ఎలా వెలిగించాలో చూపిస్తాను."