పొగలో కనపడలేదు సార్

కోడిగుడ్డు సొన నీచు వాసన వస్తుందేమో అనుకుంది మోహన, రావడం లేదు, ఆకు పసరు వాసన దాన్ని మింగేసింది, పుత్తూరు కట్టు అంటే ఇదేనా, గుడ్డ చుట్టి వెదురుబద్దలు పెట్టి బిగించడం, బిగించిన ప్రతిసారీ నారాయణ మామ పళ్ళు కొరుక్కుని మళ్ళీ తనవైపు చూసి నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఆపితే బాగుండు, నీ వల్లే కదా పాపా నా మణికట్టు ఇరిగింది అని ఒక్క మాట అంటే చాలు, ఆయన అనడు, తనతోపాటు ట్రైనింగ్‌లో ఉన్న కోమలి వాళ్ళ నాయన, పొద్దున తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని మా పాప ఇమానంలో పనికి పోతాదబ్బా అని వాచ్‌మన్‌కి కూడా చెప్పుకుంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు ఆ చొక్కా చేయి కత్తిరించేశారు, ఈ పక్క బల్ల మీద వసంతత్త, ఒళ్ళో లడ్డూల సంచి, దానివైపు చూడకూడదని మోహన గోడమీద బల్లిని చూస్తోంది, బల్లి కూడా ట్యూబులైటు వెనక్కి పోయింది.

నాలుగు గంటల క్రితం తనంత గట్టి పిల్ల లేదు, ఆ ట్రైనింగ్ సెంటర్‌లో ఎవరినైనా అడగండి, ఎయిర్‌హోస్టెస్ అంటే నవ్వుతూ కాఫీ ఇవ్వడం కాదే, మంట లేస్తే అందరినీ బయటికి తోసేయడం, అసలు ఉద్యోగం అదీ అని హాస్టల్లో అందరికీ క్లాసు పీకింది తనే, సగం తలుపులు మూసుకుపోయినా విమానం మొత్తం తొంభై సెకన్లలో ఖాళీ కావాలి, రూలు, ప్రపంచమంతా అదే రూలు, అది మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది తనకి, మేడమీద నిలబడి వదిలెయ్ దూకు వదిలెయ్ దూకు అని ప్రాక్టీసు చేస్తే పక్కింటి కుక్క కూడా మొరిగింది, అండి గిండి వద్దు పాపా, దూకండి అనేలోపల ఒకడు కాలిపోతాడు, దూకు అను, మీ నాయనైనా సరే దూకు అను, అని డ్రిల్లు నేర్పే పాల్ సారు చెప్తే అందరికంటే ముందు తలూపింది తనే, ఒకరు సంచి పట్టుకుని తలుపు దగ్గర ఆగితే వెనకాల వాళ్ళంతా ఆగిపోయినట్టే, లాగి లోపలికి ఇసిరెయ్, లోపల ఏముండాదో నీకు అనవసరం అని కూడా చెప్పాడు, ఆయన ఎన్ని చెప్పాడో అన్నీ తలకెక్కాయి, చేతులకే ఎక్కలేదు.

ఆ రేకుల షెడ్డు, అందులో పాత విమానం ముక్క, తలుపుకి గాలి నింపిన జారుడుబల్ల, పెళ్ళిళ్ళ డెకరేషన్ వాళ్ళ దగ్గర తెచ్చిన పొగ మిషన్, ప్రయాణికులుగా మన క్లాసు పిల్లలు వద్దు, వాళ్ళకి అంతా తెలుసు, బుద్ధిగా దూకేస్తారు, మీ ఇళ్ళవాళ్ళని పిలవండి అన్నది పాల్ సారే, అట్లా వచ్చింది వసంతత్త, కొండ దిగి నేరుగా, గుండు మీద గంధం కూడా ఆరలేదు, సీటు కింద పెట్టత్తా అంటే నేలమీద ప్రసాదం పెడతారా ఎవరన్నా, చదువుకుంటే ఇట్లా తయారవుతారా అని సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది, అప్పుడే తీసేసుకోవాల్సింది, నవ్వేసి పోయింది తను, ఆ తర్వాత లైట్లు ఆరిపోయాయి, పొగ, కోమలి వెనకనుంచి కదలండి కదలండి అని అరుపు, తను తలుపు దగ్గర వదిలెయ్ దూకు, ఒకరు, ఇద్దరు, ముగ్గురు, అబ్బ ఎంత బాగా దూకుతున్నారు, అంతలో వసంతత్త, సంచి గుండెలకి హత్తుకుని, ప్రసాదమే మోహనా, కింద పడేసేవు, అంది, అంతే, ఇసిరేయాల్సిన చేతులు రెండూ దోసిలిగా ముందుకు చాచుకున్నాయి, సంచి అందుకుని కళ్ళకద్దుకుంది తను, పొగలో, తలుపు దగ్గర, కళ్ళకద్దుకుని వెనక్కి తిరిగి ఎక్కడ పెట్టాలా అని చూస్తూ నిలబడింది, నేలంతా చెప్పులు తొక్కిన నేల, వెనకాల జనం తోసుకుంటున్నారు, నారాయణ మామ పక్కనుంచి ఒరిగి అడ్డంగా పడ్డాడు జారుడుబల్ల మీద, టప్‌మని శబ్దం, ఇంకా తను సంచి పట్టుకునే ఉంది, సీట్ల మీద నుంచి ఎక్కి వచ్చాడు పాల్ సారు, తన చేతుల్లోంచి సంచి లాగాడు, తలుపు పక్కన ఖాళీగా ఉన్న తన కుర్చీలోనే పెట్టాడు, ఒరిగిపోతుంటే సరిచేసి మరీ పెట్టాడు, తనని పక్కకి నెట్టి మిగిలిన అందరినీ దించాడు.

అయిపోయింది కదా అక్కడికి, డ్రిల్లు పోయింది, మళ్ళీ చేయిస్తారు, దానికింత ఎందుకు, కానీ లైట్లు వేశాక వసంతత్త సంచి విప్పి చూసుకుంది, లడ్డూలు చితికిపోయి ఉన్నాయి, అత్త గుండెలకి అదుముకున్నప్పుడే చితికాయని చూసిన ఎవరికైనా తెలుసు, కాళ్ళకాడ ఇసిరేసినాడు సామీ ప్రసాదాన్ని, వాళ్ళకేం తెలుస్తాది ప్రసాదం ఇలువ అంది అత్త, వాళ్ళకి, ఆ ఒక్క మాటకి షెడ్డులో గాలే మారిపోయింది, అవునవునని ఎవరో గొణిగారు, ఇంకెవరో గట్టిగానే అన్నారు, కాణిపాకం తిరణాళ్ళకి అడగకుండానే సెలవిచ్చి, పోయి రాండి, నా తరపున కూడా ఒక కొబ్బరికాయ కొట్టండి అని నవ్వే పాల్ సారుని పట్టుకుని, సెంటర్ ఓనరు గంగాధరం సారు చెమటలు తుడుచుకుంటూ వచ్చి నువ్వు చెప్పు పాపా, దగ్గరుండింది నువ్వే, యాడ పడేసినాడు అన్నాడు, అత్త తనవైపే చూస్తోంది, చిన్నప్పటినుంచి తల దువ్వి జడ వేసిన అత్త, పాల్ సారు కూడా చూస్తున్నాడు, పొగలో కనపడలేదు సార్, అంది మోహన.

కనపడలేదు సార్, ఎంత మర్యాదగా వచ్చింది ఆ అబద్ధం, పాల్ సారు కోపంగా చూసుంటే బాగుండేది, ఆయన చేతిలో స్టాప్‌వాచీ చూసుకుని మూడు నిమిషాలు దాటింది మోహనా అన్నాడు, అంతే, తర్వాత గంగాధరం సారు ఆయన భుజం మీద చేయేసి బయటికి తీసుకుపోతూ, సోమవారం నుంచి రాబోకప్పా, పెద్దోళ్ళతో నాకు గొడవలొద్దు అనడం అందరికీ వినపడింది, ఇప్పుడు ఫోను టింగుటింగుమంటోంది, క్లాసు గ్రూపులో అందరూ దండాలు పెడుతున్నారు, ఏమి భక్తే నీది, ప్రాణం పోతా ఉన్నా ప్రసాదం వదల్లేదు అని, చెవులు కాలిపోతున్నాయి, భక్తా అది, నిజంగా భక్తే అయితే ఇంత సిగ్గు ఎందుకు వేస్తోంది, స్వామి మనసులోకి కూడా రాలేదు ఆ క్షణంలో, నిజం చెప్పుకోవాలంటే లడ్డూ కూడా రాలేదు.

బద్దల మీద ఆఖరి ముడి వేయించుకుని నారాయణ మామ ఉఫ్‌మని ఊపిరి వదిలాడు, ఒక మాట చెప్తా వసంతమ్మా, కోప్పడగాకు, ఆ సారు వచ్చి దోవ ఇయ్యకుంటే నా మీద ఇంకో నలుగురు పడుండేవాళ్ళు, ఈ కట్టు మెడకే కట్టించుకుంటా ఉండింటా, అని నవ్వి, అయినా ఆయన ఇసిరేసింది నేనైతే సూడలా, నువ్వు సూసినావా పాపా, అన్నాడు, ఉత్తినే అడిగాడు, ఈయనకి సంగతేం తెలీదు, దానికి పొగలో ఏం కనపడతాదన్నా అని అత్త తనే జవాబిచ్చేసింది, ఎంత సులువు, నోరు కూడా మెదపక్కర్లేదు, ఈసారి అబద్ధం అత్తే చెప్పింది తన బదులు, ఊరుకుంటే చాలు, సోమవారం కొత్త సారు వస్తాడు, తను మళ్ళీ డ్రిల్లు చేస్తుంది, పాసవుతుంది, యూనిఫాం వేసుకుంటుంది, ఎవరో ముసలాయన, ఎవరో పసిపిల్ల తనని నమ్మి తలుపు పక్క సీటులో కూర్చుంటారు, కూర్చుని తనని చూసి నవ్వుతారు.

సూసినాను మామా, అంది మోహన, పాల్ సారు నా కుర్చీలో పెట్టినాడు, ఒరగకుండా సర్ది పెట్టినాడు, కనపడలేదని అబద్ధం చెప్పింది నేనే, గంగాధరం సారుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను, అత్త ఏమే అంది, ఏమే, నా ముందరే నన్ను అబద్ధాలకోరును చేస్తావా అంది, ముఖం అటు తిప్పేసుకుంది, ఇదిగో, ఈ తిప్పుకునే ముఖమే, పొగలో తను చూసిందంతా ఈ ముఖం ఒక్కటే, మంటకి భయపడలేదు, పైనున్న స్వామికీ భయపడలేదు, తనవాళ్ళు ముఖం తిప్పుకుంటారేమోనని భయపడింది, ఆ భయం వదిలించుకోనంతవరకు ఏ తలుపు దగ్గరా నిలబడే అర్హత తనకి లేదు.